ప్రదక్షిణకు దారేదీ?

చిత్రానికీ శిల్పానికీ తేడా ఏమిటని ఎవరైనా అడిగితే నా జవాబు ఒక్కటే. చిత్రానికి వీపు ఉండదు, శిల్పానికి ఉంటుంది. ఈ చిన్న సంగతి మన గ్యాలరీలు సర్దేవారికి ఎవరూ చెప్పినట్టు లేదు.

మొన్నామధ్య మా మేనత్తను వెంటబెట్టుకుని ఒక ఆధునిక శిల్ప ప్రదర్శనకు వెళ్లాను. హాల్లో నలభై దాకా శిల్పాలు. అన్నీ గోడకు ఆనుకుని, పెళ్లి ఫొటోకి నిలబడ్డ చుట్టాల్లా వరసగా ఉన్నాయి. నడిమధ్యన మాత్రం బోలెడంత ఖాళీ. ప్రారంభోత్సవంనాడు కుర్చీలు వేయడానికట!

ఒక ఆడమనిషి తల దగ్గర అత్తయ్య ఆగిపోయింది. నిలువెత్తు తల. చెవి పక్కనుంచి కొప్పు అంచూ, రెండు పూరేకులూ తొంగిచూస్తున్నాయి. "కొప్పెలా చుట్టాడో చూద్దాంరా" అని పక్కకి వంగింది.

"వెనక గోడేనమ్మా, ఏమీ లేదు" అన్నాడు కాపలా కుర్రాడు.

"ఏమీ లేకపోతే పూలెవరికి పెట్టాడు నాయనా?"

అతని దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు.

మన జి. రవీందర్ రెడ్డిగారి శిల్పాలు చూసినవారికి అత్తయ్య బాధ అర్థమవుతుంది. ఫైబర్‌గ్లాసుతో చేసి, బంగారు పూత వేసిన ఆ పెద్ద పెద్ద తలల్లో ముఖం అందం ఎంతో, కొప్పు అందమూ అంతే. అలాంటిదాన్ని గోడకు చేరిస్తే సగం శిల్పాన్ని గోడకే చూపించినట్టు కాదూ?

వెనకటివాళ్లకి ఈ ఇంగితం ఉండేది. 1213 నాటి రామప్ప గుడిలో మదనికలను చూరు కింద ఏటవాలుగా నిలిపారు, తలెత్తి చూసేవాడి కంటికి అందేలా. రాంకింకర్ బైజ్ 1938లో శాంతినికేతన్‌లో 'సంతాల్ కుటుంబం' శిల్పాన్ని సిమెంటు, కంకరలతో ఆరుబయటే చేశాడు. అంతదూరం ఎందుకు? సాలార్‌జంగ్ మ్యూజియంలో ముందు మెఫిస్టోఫిలిస్, వెనక మార్గరెట్టా ఉన్న కొయ్యబొమ్మ ఉంది కదా. దాని వెనక ఒక్క అద్దం పెట్టారు. రెండు ముఖాలూ మనకు దక్కాయి!

"చోటు చాలదండీ" అంటారు నిర్వాహకులు. నలభైకి చాలని చోటు పదిహేనింటికి చాలదా? ప్రతిదాని చుట్టూ మనిషి నడిచేంత జాగా వదలండి. చిన్నదాన్ని కంటి ఎత్తుకు లేపండి, పెద్దదాన్ని నేలమీదే ఉంచండి. ట్యూబులైట్లు నాలుగు వైపులా గుప్పించకండి. పక్కనుంచి వెలుగు పడితేనే నీడ పుడుతుంది, నీడ పుడితేనే ఒంపు తెలుస్తుంది. ఇందుకు కావలసింది డబ్బు కాదు. కొన్ని శిల్పాలకు "ఈసారికి వద్దు" అని చెప్పగల ధైర్యం.

మెట్లమీద పేర్చి, ఎదురుగా కూచుని చూడటానికి ఇది బొమ్మల కొలువు కాదు. శిల్పి నెలల తరబడి దాని చుట్టూ తిరిగి తిరిగి చేశాడు. చూసేవాళ్లం మనం ఒక్కసారైనా తిరగొద్దూ?

బయటికొస్తూ అత్తయ్య అననే అంది: "గుళ్లో మూడు ప్రదక్షిణలు చేయనిస్తారు. ఇక్కడ ఒక్కదానికీ దారి లేదేమిట్రా!"