‘నరాల బలహీనత’ రోగం పేరు కాదు

మన ఉత్తరాంధ్రలో ఒక మాట ఎంతో సులువుగా చెలామణి అవుతున్నది: ‘నరాల బలహీనత’. టెక్కలి నుంచి చీపురుపల్లి వరకు కాళ్లు తిమ్మిరెక్కిన వారికీ, నడక తూలిన వారికీ, ఒక కన్ను మసకబారిన వారికీ ఇదే పేరు, బి-కాంప్లెక్స్ సూదిమందే వైద్యం. ఇది రోగనిర్ధారణ కాదు, రోగనిర్ధారణను ఎగవేయడం.

తిమ్మిరికి మధుమేహం, బి12 లోపం వంటి కారణాలే ఎక్కువ. వాటిని రక్తపరీక్షతో తేల్చవచ్చు. అయితే 20–40 ఏళ్ల వయసువారిలో, ముఖ్యంగా స్త్రీలలో, ఈ లక్షణాలు రోజుల తరబడి నిలిచి, వారాలలో తగ్గి, కొంతకాలానికి మరోచోట తలెత్తితే మల్టిపుల్ స్క్లెరోసిస్‌ను అనుమానించాలి. దేహాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే మెదడులోని, వెన్నుపాములోని నరాల మైలిన్ తొడుగును దెబ్బతీసే వ్యాధి ఇది. తొలిదశలో దాడి తరచుగా తనంతట తానే సద్దుమణుగుతుంది. ఆ కీర్తి సూదిమందుకు దక్కుతుంది. లోపల నష్టం మాత్రం పేరుకుపోతుంది.

‘అది చలిదేశాల జబ్బు, మనకు రాదు’ అనేవారున్నారు. మన దేశంలో తక్కువన్నది నిజం, లేదన్నది అబద్ధం. ఎం.ఆర్.ఐ. తీయనిచోట ఈ వ్యాధి ఎలా కనబడుతుంది?

అమెరికా సైన్యంలో పనిచేసిన కోటి మందికి పైగా యువత వివరాలను పరిశీలించిన హార్వర్డ్ పరిశోధకులు, ఎప్‌స్టీన్-బార్ వైరస్ సోకిన తరువాత ఈ వ్యాధి ముప్పు 32 రెట్లు పెరుగుతున్నదని 2022లో ప్రకటించారు. ఆ వైరస్ దాదాపు అందరికీ సోకుతుంది, వ్యాధి కొందరికే వస్తుంది. కనుక జన్యువులు, పొగతాగడం, డి విటమిన్ లోపం వంటివీ తోడవుతాయి. దిష్టికీ, పూర్వజన్మ పాపానికీ ఇందులో చోటు లేదు.

వ్యాధిని నిర్మూలించే మందు ఇంకా లేదు. దాడులను తగ్గించే మందులు 1993 నుంచి ఉన్నాయి. ఇప్పుడు ఈ వ్యాధికి వాడుతున్న రిటుక్సిమాబ్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో అత్యావశ్యక ఔషధాల జాబితాలో ఇందుకోసమే చేర్చింది. క్యాన్సర్ చికిత్సకై ఆ మందును హైదరాబాదుకు చెందిన డాక్టర్ రెడ్డీస్ సంస్థ 2007లోనే విడుదల చేసింది. హెపటైటిస్-బి పరీక్ష చేసి, నిపుణుల పర్యవేక్షణలో ఇవ్వవలసిన మందు అది. తెలుగు నేలపై పుట్టిన సంస్థ తయారుచేసే మందు మన పల్లె రోగికి చేరాలంటే, ముందు అతని జబ్బుకు సరైన పేరు పెట్టాలి.

శ్రీకాకుళం, విజయనగరం రెండింటిలోనూ ప్రభుత్వ వైద్య కళాశాలలున్నాయి. అవి ఈ రోగుల నమోదు పట్టిక నిర్వహించాలి, మందును ఉచితంగా అందించాలి. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ వ్యాధిని గుర్తించింది. ధ్రువపత్రం అడగడం రోగి హక్కు.

ఇకపై ఎవరైనా ‘నరాల బలహీనత’ అంటే, ‘కారణమేమిటి? ఏ పరీక్షతో తేలింది?’ అని అడగండి. జవాబు రాకపోతే సూది వేయించుకోకుండా న్యూరాలజిస్టు వద్దకు వెళ్లండి.