బ్యాంకులు కలిశాయి సరే.. సీనియారిటీ లిస్టులో ముందెవరు?

2025 జనవరి 1 నుంచి ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల్లో ఏపీజీవీబీ అన్న పేరు కనుమరుగైంది. తెలంగాణలో ఉన్న ఆ బ్యాంకు 493 శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిసిపోయాయి. అప్పటికే ఆ బ్యాంకుకున్న 435తో కలిపి మొత్తం 928 శాఖలయ్యాయి. భద్రాచలం ఏజెన్సీ నుంచి పెన్షన్ డబ్బుల కోసం వచ్చే ఖాతాదారుడికి బోర్డు మారింది, పాస్‌బుక్ మారింది, అంతే. కౌంటర్ వెనక కూర్చున్న ఉద్యోగికి మాత్రం ఇంకో ప్రశ్న మిగిలింది. రెండు బ్యాంకుల ఉద్యోగులను ఒకే వరుసలో నిలబెడితే నా ముందు ఎంతమంది ఉంటారు?

ఐబీపీఎస్ ఆర్‌ఆర్‌బీ నోటిఫికేషన్‌కు ప్రిపేరవుతున్నవాళ్లు దీన్ని పాత ఉద్యోగుల గొడవ అనుకోవద్దు. ముప్పై ఏళ్ల సర్వీసు ముందున్నవాళ్లకే దీని ప్రభావం ఎక్కువ. ఇంకో రెండేళ్లలో రిటైరయ్యే మేనేజర్‌కు జాబితాలో వంద స్థానాలు కిందికి పోయినా పెద్ద నష్టం లేదు. నిన్నగాక మొన్న చేరిన స్కేల్-1 ఆఫీసర్‌కు ఆ వంద స్థానాలు ప్రమోషన్‌ను ఏళ్ల తరబడి వెనక్కి నెట్టొచ్చు.

ఈ సమస్య ఎంత ముదరగలదో తెలియాలంటే విమానయాన రంగాన్ని చూడాలి. పైలట్‌కు సీనియారిటీ నంబరే సర్వస్వం. కో-పైలట్ ఎప్పుడు కెప్టెన్ అవుతాడు, పెద్ద విమానం ఎవరికి దక్కుతుంది, ఏ ఊరు బేస్‌గా దొరుకుతుంది వంటివి ఎక్కువగా ఆ నంబరును బట్టే తేలతాయి. 2007లో ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఒక్కటయ్యాయి. కాగితం మీద కంపెనీ ఒకటైనా పైలట్లు రెండు వర్గాలుగానే ఉండిపోయారు. జీతాల తేడా మీద 2011లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ వైపు పైలట్లు సమ్మె చేశారు. కొత్తగా వస్తున్న బోయింగ్ 787 విమానాల శిక్షణ అవతలి వర్గానికి కూడా ఇస్తే తమ ప్రమోషన్లు దెబ్బతింటాయని 2012లో ఎయిర్ ఇండియా వైపు పైలట్లు 58 రోజులు విధులకు దూరంగా ఉన్నారు. రెండు వర్గాల సర్వీసు అంశాలను సర్దడానికి ప్రభుత్వం జస్టిస్ ధర్మాధికారి కమిటీ వేయాల్సి వచ్చింది. విలీనమై అప్పటికే నాలుగైదేళ్లు! 2024 నవంబరు 12న విస్తారా కూడా ఎయిర్ ఇండియాలో కలిసింది. దానికి ముందు ఏప్రిల్‌లో కొత్త జీతాల విధానం నచ్చక పైలట్లు సెలవులు పెట్టడంతో విస్తారా వరుసగా విమానాలు రద్దు చేసుకోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది.

చేరిన తేదీ చూసి వరుస పెట్టేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతం ఎందుకు అనిపించవచ్చు. చిన్న లెక్క వేద్దాం. ‘ఎ’ సంస్థలో 100 మంది ఆఫీసర్లున్నారు. అక్కడ ఖాళీలు తక్కువ, ప్రమోషన్లు నెమ్మది. 8 ఏళ్ల సర్వీసున్న ఆఫీసర్ ఇంకా 60వ స్థానంలోనే ఉన్నారు. ‘బి’ సంస్థలో 50 మందే. కొత్త శాఖలు తెరుస్తూ వేగంగా పెరిగింది కాబట్టి 4 ఏళ్ల సర్వీసుకే ఒకరు 20వ స్థానానికి వచ్చేశారు. రెండూ కలిశాయి. తేదీ లెక్కన 8 ఏళ్లాయన ముందు. కానీ ‘బి’ ఆఫీసర్ ఊరుకుంటారా? ‘మా దగ్గర నాకు ముందు 19 మందే. మీతో కలిసిన పాపానికి నా ముందు ఇంకెంతమందిని తెచ్చి నిలబెడతారు?’ అంటారు. అందుకని రెండో పద్ధతి వచ్చింది. ఇద్దరు ‘ఎ’ నుంచి, ఒకరు ‘బి’ నుంచి.. ఇలా బలం దామాషాలో పేర్చుకుంటూ పోవాలి. అప్పుడు 150 మంది జాబితాలో ‘బి’ ఆఫీసర్ దాదాపు 60వ స్థానంలో, ‘ఎ’ ఆఫీసర్ దాదాపు 90వ స్థానంలో ఉంటారు. సగం సర్వీసున్న మనిషి 30 స్థానాలు ముందు! ఇద్దరి వాదనలోనూ న్యాయం ఉంది. చిక్కంతా అదే.

మూడో పద్ధతి కూడా ఉంది. కొన్న కంపెనీ వాళ్లందరూ పైన, అమ్ముడుపోయిన కంపెనీ వాళ్లు అట్టడుగున. 2001లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ టీడబ్ల్యూఏను కొన్నప్పుడు అక్కడి పైలట్లలో చాలామందికి ఇదే జరిగింది. ఆ అనుభవం తర్వాతే 2007లో అమెరికా చట్టం తెచ్చి, ఎయిర్‌లైన్స్ విలీనాల్లో సీనియారిటీని న్యాయమైన పద్ధతిలో కలపాలని షరతు పెట్టింది.

ఇక మన దగ్గర చట్టం ఏమంటుంది? గ్రామీణ బ్యాంకుల విషయంలో 1976 నాటి చట్టం సెక్షన్ 23ఏ ప్రకారం విలీనం జరుగుతుంది. ఉద్యోగం పోదు, జీతం తగ్గదు, సర్వీసు కొనసాగుతుంది. వరుసలో మీ స్థానానికి మాత్రం అంత గట్టి హామీ లేదు. ఈ తేడాను సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పిన కేసుల్లో ఒకటి మన గడ్డ మీదిదే. 1956 నవంబరు 1న ఆంధ్ర, తెలంగాణ కలిసినప్పుడు రెండు ప్రాంతాల ఉద్యోగులకూ ఉమ్మడి జాబితాలు తయారయ్యాయి. పాత హైదరాబాద్ రాష్ట్రంలో పనిచేసిన ఇంజినీరింగ్ సూపర్‌వైజర్లు తమకు అన్యాయం జరిగిందని కోర్టుకెక్కారు. మహమ్మద్ షుజాత్ అలీ కేసులో 1974లో తీర్పు వచ్చింది. ప్రమోషన్‌కు తనను పరిగణనలోకి తీసుకోవాలని అడగడం ఉద్యోగి సర్వీసు నిబంధనల్లో భాగం. ప్రమోషన్ దొరికే అవకాశం తగ్గిందనడం మాత్రం అందులోకి రాదు. ఇదీ ఆ తీర్పు సారం. గ్రూప్-1 మెయిన్స్ రాసేవాళ్లు ఈ తేడాను ఒకటికి రెండుసార్లు చదువుకోవాలి. న్యాయపరంగా అది సరైనదే కావచ్చు. 18 ఏళ్లు నిరాటంకంగా నడిచిన అసంతృప్తికి అది మందు కాలేదన్నది వేరే విషయం. 1969 ఉద్యమం రాజుకున్నది పాల్వంచ థర్మల్ కేంద్రంలో స్థానికుల ఉద్యోగాల దగ్గరే కదా.

నిజానికి ఖమ్మం, భద్రాచలం సరిహద్దు ప్రాంతానికి కలపడాలు, విడదీయడాలు కొత్త కాదు. భద్రాచలం, నూగూరు తాలూకాలు 1959 దాకా తూర్పుగోదావరివి, ఆ తర్వాత ఖమ్మం జిల్లావి. 2014లో పోలవరం ముంపు పేరుతో కూనవరం, చింతూరు, వీఆర్‌పురం లాంటి మండలాలు ఆంధ్రకు వెళ్లాయి. 2016లో జిల్లా విడిపోయి భద్రాద్రి కొత్తగూడెం ఏర్పడింది, వాజేడు, వెంకటాపురం ఇప్పుడు ములుగులో ఉన్నాయి. గీత మారిన ప్రతిసారీ ఉద్యోగి ఏ జాబితాలోకి వెళ్తాడన్న ప్రశ్న వెంటే వచ్చింది.

2021 డిసెంబరు 6న వచ్చిన జీవో 317ను ఈ కోణంలోనే చూడాలి. అది కలపడం కాదు, దానికి తలకిందులు: ఉమ్మడి జిల్లా జాబితాను కొత్త జిల్లాలకు పంచడం. ఉద్యోగుల ఆప్షన్లను సీనియారిటీ ప్రకారం పరిశీలించారు. సీనియర్లు కోరుకున్న జిల్లాలు నిండాక మిగిలినవి జూనియర్లకు వచ్చాయి. పుట్టి పెరిగిన జిల్లా కాకుండా ఇంకో జిల్లాకు వెళ్లాల్సి వచ్చిందని టీచర్లు, ఇతర ఉద్యోగులు రోడ్డెక్కారు. ఇక్కడా భారం పడింది చిన్న నంబరు సర్వీసున్న వాళ్ల మీదే.

ఖమ్మం గ్రామీణ బ్యాంకు ఉద్యోగులైతే ఈ రెండు అనుభవాలూ చూశారు. ఒకప్పుడు ఈ జిల్లాది నాగార్జున గ్రామీణ బ్యాంకు. 2006 మార్చి 31న దాన్ని కాకతీయ, మంజీర, సంగమేశ్వర, శ్రీ విశాఖ బ్యాంకులతో కలిపి వరంగల్ కేంద్రంగా ఏపీజీవీబీ చేశారు. అంటే ఖమ్మంలో చేరిన క్లర్కు, శ్రీకాకుళంలో చేరిన క్లర్కు ఒకే సంస్థ మనుషులయ్యారు. 19 ఏళ్లకు మళ్లీ విడదీత. తెలంగాణ శాఖలు ఇటు వస్తే, ఆంధ్ర శాఖలు 2025 మే 1న ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులోకి వెళ్లాయి. ఒక రాష్ట్రానికి ఒకే గ్రామీణ బ్యాంకు అన్న విధానంతో దేశంలో వీటి సంఖ్య 43 నుంచి 28కి తగ్గింది. 2006లో ఉద్యోగంలో ఉండి ఇప్పటికీ కొనసాగుతున్నవాళ్లు ఊరు కదలకుండానే మూడో బ్యాంకులో పనిచేస్తున్నారు.

కొత్తగా చేరబోయేవాళ్లకు ఒక రకంగా ఇది మేలే. తెలంగాణలో ఇక ఒకటే గ్రామీణ బ్యాంకు కాబట్టి ఏ బ్యాంకుకు ప్రిఫరెన్స్ ఇవ్వాలన్న తర్జనభర్జన లేదు, ఇంకో రాష్ట్ర స్థాయి విలీనం భయమూ తక్కువ. కాకపోతే పోస్టింగ్ పరిధి పెరిగింది. ఆదిలాబాద్ అభ్యర్థి చర్ల దగ్గర, చర్ల అభ్యర్థి జోగులాంబ గద్వాలలో తేలే అవకాశం ఉంది.

రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు రెండు సంగతులు ముందే తెలుసుకోవాలి. ఒకే బ్యాచ్‌లో ఎంపికైనవాళ్ల మధ్య సీనియారిటీకి సాధారణంగా మెరిట్ ర్యాంకే ఆధారం. ఎవరు ముందు జాయినయ్యారన్నది కాదు. ఎలాగూ కటాఫ్ దాటానులే అని చివరి పేపర్ వదిలేసేవాళ్లకు ఆ మార్కుల తేడా సర్వీసంతా వెంటాడుతుంది. రెండోది, సొంత కోరిక మీద ఇంకో జిల్లా లేదా జోన్ కేడర్‌కు బదిలీ అయితే అక్కడ సాధారణంగా లాస్ట్ ర్యాంకే. ఖమ్మం, కొత్తగూడెం ఇప్పుడు భద్రాద్రి జోన్‌లోనే ఉన్నా జిల్లా కేడర్ పోస్టులకు ఇవి రెండూ వేర్వేరు యూనిట్లు. ‘ముందు ఎక్కడో ఓచోట చేరదాం, తర్వాత దగ్గరికి తెచ్చుకుందాం’ అనుకునేటప్పుడు ఈ ఖర్చు కూడా లెక్కలో వేసుకోవాలి.

చేరాక మీ శాఖలో ప్రొవిజనల్ సీనియారిటీ జాబితా విడుదలైతే అభ్యంతరాలకు గడువు ఇస్తారు. మీ పుట్టిన తేదీ, నియామక తేదీ, ర్యాంకు సరిగ్గా ఉన్నాయో చూసి, తేడా ఉంటే ఆ గడువులోనే రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. ఏళ్ల తరబడి ఊరుకుని, ప్రమోషన్ చేజారాక కోర్టుకు వెళ్తే స్థిరపడిన సీనియారిటీని కదపడానికి న్యాయస్థానాలు ఇష్టపడవు.