ఇంజన్ లోపం దాచి బండి అమ్మవచ్చునా?

దోమ మండలం నుంచి ఒక సోదరుడు పంపిన ప్రశ్నను ఈ నెల శీర్షికకు తీసుకున్నాము. దాని సారాంశం ఇది:

“మౌలానా సాబ్, అస్సలాము అలైకుమ్. నా దగ్గర 2012 మోడల్ స్విఫ్ట్ డిజైర్ డీజిల్ కారు ఉంది. పరిగి, తాండూరు, వికారాబాద్ వైపు కిరాయికి నడుపుతాను. ఈ మధ్య పొద్దున స్టార్ట్ చేయగానే ఇంజన్‌లో గలగలమని చప్పుడు వస్తోంది. ఆయిల్ తగ్గిపోతోంది, పొగ నీలంగా వస్తోంది. బిడ్డ పెళ్లి దగ్గర పడింది, బండి అమ్మక తప్పదు. చిక్కటి ఆయిల్ పోసి, మీటరు మీద వెలిగే ఇంజన్ లైటును మిషను పెట్టి తీసేస్తే కొనేవారికి ఏమీ తెలియదని మెకానిక్ అంటున్నాడు. కొంటానని వచ్చిన అబ్బాయి పక్క ఊరివాడు, ముస్లిం కాదు. చూసి కొనుక్కోవడం అతని బాధ్యతే కదా? నేను చెప్పవలసిన అవసరం ఉందా?”

వఅలైకుముస్సలామ్. అమ్మిన తరువాత కాక, అమ్మకముందే ఈ ప్రశ్న అడిగినందుకు అల్లాహ్ మీకు మేలు చేయుగాక! జవాబు మొదటే చెబుతాను. తెలిసిన లోపాన్ని దాచి అమ్మడం హరామ్. కొనేవాడు ముస్లిమైనా, కాకపోయినా ఈ ఆదేశంలో మార్పు లేదు. ఎందుకో ఇకపై వివరిస్తాను.

మన మదరసాలలో బోధించే ఖుదూరీ గ్రంథంలో వ్యాపార ప్రకరణం చదివినవారికి ఒక సూత్రం గుర్తుంటుంది. వర్తకుల వాడుకలో ఒక వస్తువు ధరను ఏది తగ్గిస్తుందో అదే షరీఅత్ దృష్టిలో ‘ఐబ్’, అంటే లోపం. కాబట్టి మీ కారులో ఉన్నది లోపమా, వాడకంలో వచ్చే మామూలు అరుగుదలా అన్నది తేల్చడానికి కితాబు ఒక్కటే చాలదు. ఆ ఇంజన్ సంగతి కూడా తెలియాలి.

మీ కారులోనిది 1,248 సీసీ టర్బో డీజిల్ ఇంజన్. నాలుగు సిలిండర్లు, పదహారు వాల్వులు, 75 హార్స్ పవర్ శక్తి, 190 న్యూటన్ మీటర్ల టార్క్ దాని కొలతలు. ఇటలీకి చెందిన ఫియట్ సంస్థ దీనికి మల్టీజెట్ అని పేరు పెట్టింది. మారుతీ వారు దీనిని డీడీఐఎస్ అన్నారు, టాటా వారు క్వాడ్రాజెట్ అన్నారు. ఎన్నో కంపెనీల కార్లలో ఇదే ఉండడంతో మోటారు పత్రికలు దీనిని భారతదేశపు జాతీయ ఇంజన్ అని ముద్దుగా పిలిచాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 నిబంధనలు అమలులోకి వచ్చినప్పుడు మారుతీ సంస్థ డీజిల్ కార్లను మానేసింది. అంటే ఈనాడు మన పల్లెల్లో చేతులు మారుతున్న డీజిల్ డిజైర్లన్నీ పాత బండ్లే. ఈ మసలా మీ ఒక్కరిది కాదు, అనేక ఇళ్లది.

డీజిల్ ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించే స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని గట్టిగా అదిమితే వేడెక్కుతుంది. ఆ వేడి గాలిలోకి డీజిల్‌ను సన్నని తుంపరగా చిమ్మితే దానంతట అదే మండుతుంది. ఆ చిమ్మే ఒత్తిడి వెయ్యి బార్లకు మించి ఉంటుంది. కారు టైరులో ఉండే గాలి ఒత్తిడి రెండు బార్లకు కాస్త ఎక్కువ మాత్రమే. ఇక టర్బో అంటే వృథాగా పోయే పొగ బలంతో తిరిగే చిన్న చక్రం. అది నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని నెడుతుంది. అంత వేగంగా తిరిగే ఇరుసును కాపాడేది పలుచని ఆయిల్ పొర ఒక్కటే.

ఇప్పుడు మీరు చెప్పిన లక్షణాలకు వద్దాము. చల్లటి ఇంజన్ మొదలవగానే వచ్చే గలగల సాధారణంగా టైమింగ్ చైన్ సాగిందనడానికి గుర్తు. ఆయిల్‌ను వేళకు మార్చకపోతే ఈ ఇంజన్‌లో చైను త్వరగా అరుగుతుంది. అది పళ్లు దాటినా, తెగినా వాల్వులు పిస్టన్లను తాకి ఇంజన్ అక్కడికక్కడే ఆగిపోతుంది. నీలం పొగ, ఆయిల్ తగ్గడం అంటే టర్బో సీలు దగ్గరో, పిస్టన్ రింగుల దగ్గరో ఆయిల్ కారి మండుతోందని అర్థం. టర్బో సీలు పూర్తిగా పాడైతే, అరుదుగానైనా, ఇంజన్ తన ఆయిల్‌నే ఇంధనంగా తాగుతూ తాళం తీసినా ఆగకుండా పరుగెత్తే ప్రమాదం ఉంది. వీటిలో ఏ ఒక్కటి తెలిసినా ఏ బేరగాడైనా ధర తగ్గిస్తాడు. కనుక ఇవి నిస్సందేహంగా ఐబ్‌లే.

మెకానిక్ చెప్పిన ఉపాయం సంగతి చూడండి. చిక్కటి ఆయిల్ పోస్తే కొన్నాళ్లు చప్పుడు అణగవచ్చు, పొగ తగ్గవచ్చు. కాని ఆ చిక్కదనం వల్లనే చల్లటి పొద్దున ఆయిల్ టర్బోకు ఆలస్యంగా చేరుతుంది, అరుగుదల పెరుగుతుంది. ఇంజన్ లైటును మిషనుతో చెరిపేసినా కారణం లోపలే ఉంటుంది కాబట్టి కొద్ది రోజులకు అది మళ్లీ వెలుగుతుంది. అంటే ఈ పని లోపాన్ని దాచడమే కాదు, దానిని పెంచి మరొకరి చేతిలో పెట్టడం.

ఇది కొత్త మోసం కాదు. పూర్వం అరబ్బులలో కొందరు ఒంటెను, మేకను అమ్మే ముందు కొన్ని రోజులు పాలు పితకకుండా వదిలేవారు. నిండిన పొదుగు చూసి కొనేవాడు రోజూ ఇన్ని పాలు ఇస్తుందని భ్రమపడేవాడు. దైవప్రవక్త (స) దీనిని నిషేధించారు. అలా మోసపోయినవారికి మూడు రోజుల గడువు ఇచ్చిన హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. వాపసు వివరాలలో ఫుఖహాల మధ్య అభిప్రాయ భేదాలు ఉన్నాయి. అది మోసమనడంలో మాత్రం భేదం లేదు. చెరిపేసిన లైటు కూడా కట్టిపెట్టిన పొదుగు వంటిదే.

మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని వర్తకుడు విన్నవించాడు. అలాగైతే తడిసినదాన్ని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగి, మోసగించేవాడు తనవాడు కాడని ఆయన హెచ్చరించారు. సహీహ్ ముస్లింలోని ఈ సంఘటనలో ఒక ఊరట కూడా ఉంది. ధాన్యం తడవడం వర్తకుని తప్పు కాదు, తడిని కింద దాచడమే తప్పు. బండి అరగడం మీ పాపం కాదు. దాచడమే పాపం.

“చూసి కొనుక్కోవడం అతని బాధ్యత” అన్నారు. వాసిలా బిన్ అస్ఖఅ (రజి) సంఘటన దీనికి సమాధానం. ఒక వ్యక్తి ఒంటెను కొని తోలుకుపోతుండగా వాసిలా వెంట వెళ్లి, దానిని మాంసానికి కొన్నావా, ప్రయాణానికా అని అడిగారు. హజ్ ప్రయాణానికి అని అతడు చెప్పగా, దాని కాలి గిట్టలో చిల్లు ఉందని తెలియజేశారు. నా బేరం చెడగొట్టావని అమ్మినవాడు నిష్ఠూరమాడాడు. సరకులో ఉన్న లోపం చెప్పకుండా అమ్మడం ధర్మసమ్మతం కాదని, తెలిసినవాడు మౌనం వహించడం కూడా తగదని దైవప్రవక్త (స) నుంచి తాను విన్నట్లు వాసిలా బదులిచ్చారు. ఈ ఉల్లేఖనం ముస్నద్ అహ్మద్‌లో ఉంది. ఇందులో మెకానిక్ సోదరులకూ పాఠం ఉంది. తెలిసి దాచిపెట్టిన చేతికీ ఆ పాపంలో భాగముంటుంది.

ఆ అబ్బాయి దానిని ఎందుకు కొంటున్నాడో ఆలోచించండి. బహుశా మీలాగే కిరాయికి తిప్పుకోవడానికి. నిండు కుటుంబంతో అనంతగిరి ఘాటు దిగుతుండగా ఇంజన్ ఆగిపోతే, బ్రేకుకు ఇంజన్ ఇచ్చే సాయం కూడా ఆగిపోతుంది. అప్పుడు పోయేది డబ్బు మాత్రమే కాకపోవచ్చు.

అతడు ముస్లిం కాకపోవడం మీ బాధ్యతను ఏమాత్రం తగ్గించదు. హిజ్రత్ రాత్రి తన ప్రాణం తీయడానికి కాచుకున్న మక్కావాసుల అమానత్‌లను సైతం తిరిగి అప్పగించమని దైవప్రవక్త (స) హజ్రత్ అలీ (రజి)ని వెనుక ఉంచి వెళ్లారు. ప్రాణశత్రువుల సొమ్ముకే అంత రక్షణ ఉంటే, మిమ్మల్ని నమ్మి మీ గడప తొక్కిన పొరుగు ఊరి బిడ్డ సొమ్ముకు ఎంత రక్షణ ఉండాలి!

“ఉన్నది ఉన్నట్టే అమ్ముతున్నాను, తరువాత నాకు సంబంధం లేదు” అని షరతు పెట్టవచ్చునా అని కొందరు అడుగుతారు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం అన్ని లోపాల నుంచి బాధ్యత లేదన్న షరతుతో అమ్మకం చెల్లుతుంది, కొన్నవాడు దానిని ఒప్పుకుంటే వాపసు హక్కు కోల్పోతాడు. అయితే తెలిసిన లోపాన్ని కప్పిపుచ్చిన పాపం ఆ షరతుతో కడిగివేయబడదు. చిక్కటి ఆయిల్ పోసి, ఆపై ఆ మాట అనడం మోసాన్ని షరతు చాటున దాచడమే అవుతుంది.

అలాంటి షరతు లేకుండా కొన్నవాడికి పాత లోపం తరువాత బయటపడితే, బండి తిరిగి ఇచ్చి పూర్తి సొమ్ము తీసుకునే హక్కు ఉంది. కాని లోపం తెలిశాక సొంత అవసరానికి వాడుకుంటే ఒప్పుకున్నట్లే లెక్క. తిరిగి అప్పగించడానికి అమ్మినవాని ఇంటికి నడిపించుకు వెళ్లడం మాత్రం ఒప్పుదలగా లెక్కకు రాదు. గుర్రాలు, ఒంటెల గురించి ఫుఖహాలు చెప్పిన ఈ మాట నేటి కార్లకూ వర్తిస్తుంది.

కొనే కుటుంబాలకు ఒక సూచన. ఇంజన్ రాత్రంతా చల్లబడిన తరువాత, పొద్దున మీ ఎదుటే మొదటిసారి స్టార్ట్ చేయించండి. ఆయిల్ మూత తీసి పొగ తన్నుతోందా, అంటే మెకానిక్‌లు అనే బ్యాక్ కంప్రెషన్ ఉందా చూడండి. సర్వీసు కాగితాలు అడగండి. మీటరు అంకె ఒక్కదాన్నే నమ్మకండి. కొన్నాక వేళకు ఆయిల్ మార్చండి. దూరం నడిపి ఆగినప్పుడు నిమిషం పాటు ఇంజన్‌ను నెమ్మదిగా తిరగనిచ్చి ఆపండి. తాండూరు నాపరాళ్ల దుమ్ములో తిరిగే బండికి ఎయిర్ ఫిల్టర్‌ను తరచుగా చూడాలి, డీజిల్ ఫిల్టర్‌లో చేరే నీటిని తీయించాలి.

ఇక మీరు చేయవలసింది. చైను, ఆయిల్, పొగ ఈ మూడింటిని తెలుగులో కాగితం మీద రాసి, ఆ అబ్బాయికి చదివి వినిపించండి. అతనికి నచ్చిన మెకానిక్‌తో చూపించుకోమనండి. మరమ్మతు ఖర్చు మేరకు ధర తగ్గించండి. యాజమాన్య మార్పుకు ఫారం 29, 30 మీద సంతకాలు చేసేటప్పుడు ఆ కాగితం మీద కూడా ఇద్దరూ సంతకం పెట్టండి. తగ్గిన ధరకే అతడు కొంటే ఆ సొమ్ము మీకు హలాల్.

ఇంతకు ముందే దాచి అమ్మినవారు ఉంటే, కొన్నవారిని వెతికి చెప్పి వారి హక్కు చెల్లించండి. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో పట్టుబట్టల వర్తకులు. వారి భాగస్వామి ఒక లోపమున్న బట్టను చెప్పడం మరచి అమ్మారు. కొన్నవారు ఎవరో తెలియనందున ఇమామ్ ఆ సొమ్మునంతా దానం చేశారు.

అమ్మేవారూ కొనేవారూ నిజం చెప్పి, ఉన్నది విప్పి చూపితే వారి బేరంలో బరకత్ ఉంటుందని, దాచి అబద్ధమాడితే ఆ బరకత్ తుడిచిపెట్టుకుపోతుందని దైవప్రవక్త (స) తెలిపారు. బిడ్డ నికాహ్‌కు తెచ్చే సొమ్ములో అన్నిటికన్నా ముందు కావలసింది ఆ బరకతే. విందులో రెండు వంటలు తగ్గినా నికాహ్‌కు లోటు లేదు. అల్లాహ్ మీ బిడ్డ కాపురాన్ని చల్లగా ఉంచుగాక, మనందరి సంపాదనను హలాల్ చేయుగాక! ఆమీన్.