వేపచెట్టు నరికితే వేరు పురుగు పోదు



మొన్న మా పక్క చేను ఆయన గట్టు మీది వేపచెట్టు కొట్టేద్దామని గొడ్డలి పట్టుకొచ్చినాడు. ఏమన్నా ఇది అంటే, "పురుగంతా ఈ చెట్టు మీదే చేరతాంది, చెట్టే లేకపోతే పీడ పోతుంది" అన్నాడు. ఆయన బాధ అర్థం చేసుకోగలను. పోయినేడు ఆయన చేన్లోనూ మా చేన్లోనూ వేరుశనగ ఊడలు దిగే టయానికి జాగాలు జాగాలుగా ఎండిపోయింది. అయినా చెట్టు కొట్టడం తప్పని నా అభిప్రాయం. ఎందుకో చెప్తా.

ముందు నా తప్పు ఒప్పుకోవాల. చెట్లు వాడితే నేను కుళ్లు తెగులు అనుకున్నా. షాపులో ఇచ్చిన మందు రెండుసార్లు పైన కొట్టినా. మూడోసారికి డబ్బులు తీస్తాంటే మా నాయన "ఒక చెట్టు పీకి చూడురా" అన్నాడు. పీకితే అట్లే చేతికి వచ్చేసింది. పిల్లవేర్లు లేవు, తల్లివేరు కొరికేసి ఉంది. పారతో జానెడు తవ్వితే తెల్లటి పురుగు, గోధుమ రంగు తల, కొడవలి లాగా ముడుచుకొని ఉంది.

అందుకే చెప్తున్నా, మందు కొనే ముందు చెట్టు పీకండి. కుళ్లు అయితే వేరు ఉంటుంది గానీ నల్లబడి మెత్తబడి ఉంటుంది. మొదలు దగ్గర తెల్లటి బూజు, ఆవగింజల్లాంటి గింజలు కనిపిస్తే అది మొదలు కుళ్లు. చెదలైతే వేరు లోపల డొల్ల చేసి మట్టి నింపుతాయి. వేర్లే మాయమైతే వేరు పురుగు. ఆకు మీద కొట్టిన మందు భూమిలోని ఈ పురుగుకు తగలదు.

ఇప్పుడు చెట్టు సంగతి. ఈ పురుగు పుట్టేది చెట్టులో కాదు, మన చేను మట్టిలోనే. ముంగారు వాన గట్టిగా ఒక పదును పడితే, భూమిలో దాగున్న పెంకు పురుగులు పొద్దుగూకినాక బయటికొస్తాయి. వేప, రేగు, తుమ్మ, మునగ చెట్లెక్కి ఆకు తింటాయి, జత కడతాయి. తెల్లారేలోపు మళ్లీ మట్టిలోకి పోయి గుడ్లు పెడతాయి. ఆ గుడ్ల నుంచి వచ్చేదే వేర్లు తినే పురుగు. ఏడాదికి ఒక్కటే తరం. అంటే అది మనకు చేతికందేది ఏడాదిలో ఆ కొన్ని రాత్రులే.

వేప కొట్టేస్తే అవి రేగు మీదికి పోతాయి. చెట్టు ఉంటేనే అన్నీ ఒకచోట చేరతాయి. కింద పట్టా పరిచి, కొమ్మలు దులిపి, కిరోసిన్ కలిపిన నీళ్ల బకెట్లో వేస్తే పని అయిపోతుంది. ఖర్చు లేని ఎర అది. దాన్ని మనమే నరుక్కుంటామా?

అయితే ఒక్కడు దులిపితే చాలదు. పెంకు పురుగుకు గట్లు తెలియవు. నేను దులిపి, పక్కాయన నిద్రపోతే ఆయన చెట్టు మీదివి నా చేన్లో గుడ్లు పెడతాయి. ఇది ఊరంతా కలిసి చేయాల్సిన పని. గంగమ్మ జాతరకు కలుస్తాము, దీనికి ఎందుకు కలవము?

దాంతో పాటు ఎండాకాలం లోతు దుక్కి చేయండి, పురుగులు పైకి తేలితే కొంగలు, కాకులు ఏరుకుంటాయి. పచ్చి పేడ తోలొద్దు, బాగా మాగిన దిబ్బెరువే తోలండి. పురుగు ఉన్న చేన్లకు కిలో విత్తనానికి 2 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్ 600 ఎఫ్‌ఎస్ గానీ, 6.5 మి.లీ. క్లోరిపైరిఫాస్ గానీ పట్టించి, నీడన ఆరబెట్టి విత్తండి. చేతికి గ్లౌజులు మరవొద్దు. మిగిలిన విత్తనం ఇంట్లో వాళ్లు గానీ, కోళ్లు గానీ తినకుండా చూడండి.

కొందరు "రాత్రిపూట చెట్లు దులపడం ఈ కాలంలో ఎవరు చేస్తారు, ఒక డబ్బా మందు చాలదా" అంటారు. విత్తనానికి పట్టించిన మందు మొదట్లో కాపాడుతుంది, కాదనను. కానీ పక్క చేన్లో పురుగు పెరుగుతాంటే వచ్చే ఏడు మళ్లీ అదే కథ.

పక్కాయన గొడ్డలి తీసుకొని ఇంటికి పోయినాడు గానీ, పూర్తిగా ఒప్పుకోలేదు. "ఈ ఏడు చూస్తా" అన్నాడు. మొదటి వాన పడినరోజు రాత్రి ఏడు గంటలకు నేను టార్చి, పట్టా తీసుకొని ఆ చెట్టు కిందే ఉంటా. మా ఊరోళ్లు రండి. వేరే ఊర్లవాళ్లు మీ చెట్ల కింద మీరు నిలబడండి.