రెండు వేల ముప్పై ఏడు

శాసనసభ, కాంగ్రెస్ రాష్ట్ర కార్యాలయం గాంధీభవన్, బీజేపీ రాష్ట్ర కార్యాలయం, అన్నీ హైదరాబాద్‌లోని నాంపల్లి చుట్టుపక్కలే. 2023 డిసెంబర్ 7న రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన ఎల్బీ స్టేడియం, పక్కనున్న అబిడ్స్‌కు కూతవేటు దూరం. రాజకీయానికి ఇంత దగ్గరగా బతికే నాంపల్లి నియోజకవర్గంలో అదే ఏడాది నవంబర్ 30న జరిగిన శాసనసభ ఎన్నికల్లో సగానికి పైగా ఓటర్లు ఓటే వెయ్యలేదు.

మజ్లిస్ (ఎంఐఎం) అభ్యర్థి, మాజీ మేయర్ మాజిద్ హుస్సేన్‌కు 62,185 ఓట్లు. కాంగ్రెస్ అభ్యర్థి ఫిరోజ్ ఖాన్‌కు 60,148. తేడా 2,037. ఓటు వెయ్యనివాళ్లు లక్షకు పైమాటే.

నాంపల్లిలో ఫిరోజ్ ఖాన్‌కు అది నాలుగో ఓటమి. 2009లో ప్రజారాజ్యం, 2014లో తెలుగుదేశం, ఆ తర్వాత రెండుసార్లు కాంగ్రెస్. ఓడిన తేడా వరుసగా 6,799, 17,296, 9,675, చివరికి 2,037. పార్టీలు మారాడని తప్పుపట్టేవాళ్లున్నారు. గల్లీ మారలేదని నేనంటాను. ఓడిన చోటే మళ్లీ మళ్లీ నిలబడి, ఎదుటివాళ్ల మెజారిటీని ఇంతకు దించడం చిన్న సంగతి కాదు. అవతల మజ్లిస్‌ బలం కూడా గాలివాటున వచ్చింది కాదు. దవాఖానా అన్నా, రేషన్ కార్డన్నా ఇంటి గడపదాకా వచ్చే కార్యకర్తలు వాళ్లకున్నారు. అయినా అదే ఎన్నికల్లో పాతబస్తీలోని యాకుత్‌పురాలో ఆ పార్టీ 878 ఓట్లతో గట్టెక్కింది. అక్కడ పోలింగ్ 40 శాతం కూడా లేదు.

‘సిటీ జనానికి ఓటంటే సెలవురోజు’ అని ప్రతిసారీ వినే మాట నాకు కష్టంగా ఉంటుంది. ఆ రోజు పోలింగ్ బూత్ దగ్గర ఓ పెద్దావిడ ఓటరు కార్డు చేత్తో పట్టుకుని గంటసేపు తిరగడం చూశాను. మల్లేపల్లిలో అద్దె పెరిగి ఇల్లు మారిందట. పేరు ఇక్కడ లేదు, అక్కడ తీసేశారు. కార్డుంటే చాలనుకుంది. జాబితాలో పేరు లేకపోతే కార్డు ఉండీ ఓటు పడదని ఆమెకు అంతకుముందు ఎవరూ చెప్పలేదు. కిరాయి బతుకుల బస్తీల్లో ఇలాంటి ఇళ్లు ఎన్నో. వాళ్లను బద్ధకస్తులంటే నేను ఒప్పుకోను.

హద్దుల తికమక వేరే. అబిడ్స్ గోషామహల్ నియోజకవర్గం కిందికి వస్తుంది, హైదరాబాద్ ఎంపీకి ఓటేస్తుంది. నాంపల్లి నియోజకవర్గం సికింద్రాబాద్ ఎంపీకి. నాలుగు వీధులు దాటి ఇల్లు మారితే ఎమ్మెల్యే, ఎంపీ ఇద్దరూ మారిపోవచ్చు.

ఇల్లు మారినవాళ్లు ఓటరు జాబితాలో చిరునామా మార్చుకోవడానికి ఫారం 8 ఉంది. దాన్ని ఎన్నికల ముందు నెలలో కాదు, సామాను దించుకున్న వారంలోనే నింపించాలి. బూత్ స్థాయి అధికారి(బీఎల్వో)తో పాటు అన్ని పార్టీల బూత్ ఏజెంట్లూ కిరాయి ఇళ్ల తలుపులు ఇప్పుడే తట్టాలి. 2,037 అంటే బూత్‌కు పదిమంది కూడా కాదు. ఆ పెద్దావిడ ఇంట్లోనే నాలుగు ఓట్లున్నాయి.