మొదటి ప్రశ్న

ప్రోగ్రామింగ్ చేసేవాళ్లకు స్టాక్ ఓవర్‌ఫ్లో అనే ప్రశ్నోత్తరాల సైట్ 2008 నుంచి ఏళ్ల తరబడి పెద్ద దిక్కుగా నిలిచింది. అయినా తొలిసారి ప్రశ్న వేసిన ఎంతోమందికి అక్కడ ఎదురైంది మైనస్ ఓటు, ‘ఇది ఇంతకుముందే అడిగారు’ అన్న ముద్ర. కొత్తగా కోడ్ నేర్చుకునేవాళ్లకు, ముఖ్యంగా మహిళలకు, తమ చోటు కటువుగా తోస్తోందని 2018 ఏప్రిల్‌లో ఆ సంస్థే ఒప్పుకుంది. ఆ ఆగస్టులో ప్రవర్తనా నియమావళిని మార్చి, కొత్తవారి ప్రశ్న పక్కన వారు కొత్తవారని తెలిపే గుర్తు పెట్టింది.

జవాబిచ్చేవారి విసుగు నాకు అర్థమవుతుంది. అది జీతం లేని పని. ‘పనిచేయట్లేదు, అర్జెంట్’ అని ఫొటో ఒకటి పడేస్తే ఎవరు మాత్రం ఏం చెప్పగలరు? ఎర్రర్ ఉన్నదున్నట్టు, ఏ వెర్షనో, అప్పటికే ఏమేం ప్రయత్నించారో రాయాలి. తప్పు బయటపడేంత చిన్న కోడ్ ముక్క ఇవ్వాలి. ప్రశ్న ఎలా అడగాలో ప్రోగ్రామర్ ఎరిక్ రేమండ్ 2001లోనే ఒక వ్యాసంలో వివరంగా రాశారు. కొత్తవాళ్ల మొహాన అందరూ విసిరేది ఆ వ్యాసాన్నే! జవాబిచ్చేవారికీ అందులో ఒక భాగం ఉంది: మృదువుగా మాట్లాడండి, తొలిసారి తప్పు చేసినవారికి విడిగా చెప్పండి, నలుగురిలో చిన్నబుచ్చకండి అని. దాన్ని ఎందరు చదివారు?

ప్రశ్న రాయడం మీద ఈ సంచికలో వ్యాసం ఉంది. అనుభవజ్ఞులు దాన్ని దాటేయకుండా చదవాలని నా విన్నపం.