ఆసామి బిడ్డకూ కూలీ బిడ్డకూ ఒకే బడి

మార్కాపురం పలక మీద ఓనమాలు దిద్దినవాళ్లు మనలో లక్షల మంది ఉన్నారు. కర్ర ఫ్రేములో బిగించిన నల్లరాతి పలక, పక్కన బలపం ముక్క. ఆ రాయిని తవ్వి, కోసి, నునుపు చేసి, ఫ్రేము బిగించి మన ఊళ్లకు పంపిన చేతుల్లో పిల్లల చేతులూ ఉన్నాయి. 1996 డిసెంబరు 10న ఎం.సి. మెహతా కేసులో తీర్పు చెబుతూ సుప్రీంకోర్టు, బాలకార్మికులను ముందుగా విడిపించాల్సిన పరిశ్రమలను పేరుపేరునా చెప్పింది. శివకాశి అగ్గిపెట్టెలు, సూరత్ వజ్రాలు, ఫిరోజాబాద్ గాజు, అలీగఢ్ తాళాలు. వాటితో పాటే అప్పటి ప్రకాశం జిల్లా మార్కాపురం పలకలు. పనిలో పెట్టుకున్న ఒక్కో బిడ్డకు 20,000 రూపాయలు ఆ పిల్లల సంక్షేమ నిధికి కట్టాలని యజమానులను ఆదేశించింది. ఊరి పిల్లలందరికీ పలకలు చేసి పంపిన పిల్లలకు తమదంటూ ఒక పలక లేదు.

అదంతా పాత కథ అనుకునేవాళ్లు జనవరిలో ఒకసారి మిరప చేలలోకి రావాలి.

దీపావళి దాటగానే పశ్చిమ కర్నూలు నుంచి, కోసిగి, మంత్రాలయం, ఆదోని పల్లెల నుంచి జనం మూటలు సర్దుకుని గుంటూరు, పల్నాడు, ప్రకాశం దారి పడతారు. అక్కడ దాన్ని సుగ్గికి పోవడం అంటారు. ముందు పత్తి తీత, ఆ తర్వాత మిరప కోత. వానలు లేక, నీళ్లు లేక సొంత ఊళ్లో పని దొరకని కుటుంబాలు ఇంటికి తాళం వేసి మరీ వస్తాయి. తాళం వేశాక పిల్లలు ఎక్కడ ఉంటారు? మేస్త్రి మాట్లాడిన లారీలోనో ట్రాక్టర్ ట్రక్కులోనో తల్లిదండ్రుల పక్కనే ఉంటారు. ఉగాది దాకా చేలగట్ల మీద పట్టా కప్పిన గుడిసెల్లో ఉంటారు. బడి లెక్కల్లో మాత్రం వాళ్లు సొంత ఊళ్లోనే ఉంటారు.

ఒక కల్లంలో చూశాను. ఎర్రగా పరిచిన తేజ కాయల ముందు బారుగా ఆడవాళ్లు కూర్చుని తాలు కాయ ఏరుతున్నారు. వాళ్ల మధ్య తొమ్మిదేళ్లుంటాయేమో, ఒక పాప. తెల్లబడ్డ కాయను కంటితో పట్టి తీసి పక్కన వేయడంలో పెద్దవాళ్లతో పోటీ పడుతోంది. ఘాటుకు తుమ్ము వచ్చినప్పుడు మోచేత్తో ముక్కు తుడుచుకుంది. అరచేత్తో తుడుచుకోకూడదని ఆ వయసుకే తెలుసు. చేతులు చూపించమంటే చూపించింది. వేళ్ల చివర్లు ఉబ్బి, కందిపోయి ఉన్నాయి. ‘‘రాత్రి మండుతాయి, నూనె రాస్తది మా అమ్మ’’ అంది. ఆ వేళ్లతో పెన్సిల్ పట్టుకోవడం కూడా కష్టమే. పిల్లను బడికి ఎందుకు పంపలేదని వాళ్లమ్మను అడిగితే, ‘‘యాడ ఇడిసిపెట్టి రావాల సామీ? ఇంట్లో ముసలామె గూడా మాతోనే వచ్చింది’’ అని చెయ్యి ఆపకుండానే జవాబు చెప్పింది. ఆ కల్లం పక్క డొంకరోడ్డు మీదే పొద్దున పసుపుపచ్చ బస్సు ఆగుతుంది. ఆసామి మనవరాలు టై కట్టుకుని, వీపున సంచీతో ఎక్కుతుంది. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు. ఆ ఊళ్లోనే మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల ఉంది. ఇద్దరిలో ఒక్కరూ అందులో లేరు.

నా కోపమంతా ఇక్కడే. ఆసామి బిడ్డ ఆ బడిని వదిలేసింది. కూలీ బిడ్డను ఆ బడి పిలవలేదు. ఈ రెండూ ఒకే అన్యాయం.

పిలవాల్సిన బాధ్యత బడిదే. ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు. పద్నాలుగేళ్ల లోపు చదువు హక్కేనని 1993లో ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ కేసులో ఎదుటి పక్షం మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే. 2002లో రాజ్యాంగంలో 21-ఏ అధికరణం చేరింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. వలస కుటుంబాల పిల్లలను బడిలో చేర్చుకునేలా చూడాల్సింది స్థానిక సంస్థేనని ఆ చట్టం 9వ సెక్షన్‌లో విడిగా, స్పష్టంగా రాసి ఉంది. టీసీ రావడం ఆలస్యమైందన్న సాకుతో చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదని 5వ సెక్షన్ చెబుతోంది. వెనకబడ్డ పిల్లను వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టి ప్రత్యేకంగా నేర్పాలని 4వ సెక్షన్. ఇన్ని ఉన్నాయి. అయినా మిరప కోతకు ముఠా దిగిన ఊళ్లో పంచాయతీ కార్యదర్శి ఎంతమంది పిల్లలు వచ్చారని మేస్త్రిని ఎందుకు అడగడు? ఎన్ని మిరప టిక్కీలు యార్డుకు వెళ్లాయో లెక్క ఉంటుంది, కోల్డ్ స్టోరేజీలో ఎవరి సరుకు ఎంతుందో లెక్క ఉంటుంది. చేలో ఉన్న పిల్లల లెక్క ఎవరి దగ్గరా ఉండదు. ఎన్నికలకు మాత్రం అదే మేస్త్రి దగ్గర పేర్లు, ఫోన్ నంబర్లు తీసుకుని వాళ్లను బస్సులెక్కించి సొంతూళ్లకు పంపిస్తారు. మనసుంటే లెక్క దొరుకుతుంది.

పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టళ్లు ఉన్నాయి కదా అంటారు. మంచి ఆలోచనే. కానీ లారీ బయల్దేరిన తర్వాత హాస్టల్ తలుపు తెరిస్తే ఏం లాభం? దసరాకే తెరవాలి. తల్లి నమ్మి బిడ్డను వదిలి వెళ్లేంత శుభ్రంగా, భద్రంగా నడపాలి. అది కానప్పుడు ఇక్కడి బడి తలుపైనా తెరవాలి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణ పద్నాలుగేళ్ల లోపు పని నిషేధమంటూనే, బడి వేళల తర్వాత కుటుంబానికి సాయపడవచ్చని సందు వదిలింది. కిలో లెక్కన కోతకు వెళ్లే ఇంట్లో ఆ సాయం పొద్దున మంచు ఆరగానే మొదలవుతుంది. బడి వేళ ఏదో, తర్వాత వేళ ఏదో తేల్చేవాడు చేలో ఉండడు.

ఇక ఆసామి సంగతి. ఆయన్ను నేను దుర్మార్గుడనను. 1987-88లో ఈ నేలలోనే తెల్లదోమకు పత్తి పోయి రైతులు పురుగుమందు తాగి చచ్చిపోయిన రోజులు ఆయనకు గుర్తున్నాయి. మొన్నమొన్న 2021లో నల్ల తామరపురుగు మిరపను తినేసింది. వ్యవసాయంలో బిడ్డకు బతుకు లేదని ఆయన గట్టిగా నమ్ముతున్నాడు, అందుకే కమీషన్ ఏజెంటు దగ్గర తెచ్చిన పెట్టుబడి అప్పులోంచే బడి ఫీజు కడుతున్నాడు. ‘‘సర్కారు బళ్లో అయిదు తరగతులకు ఒక్క పంతులమ్మ అయితే ఏం చెప్పుద్దన్నా, నువ్వే చెప్పు’’ అని ఒక కౌలురైతు నన్ను నిలదీశాడు. ఆయన అడిగింది న్యాయం. ఉన్న ఆ ఒక్క టీచరూ పాఠం చెబుతూ మధ్యాహ్న భోజనం చూడాలి, యాప్‌లో హాజరు పెట్టాలి. 2018 డీఎస్సీ తర్వాత మళ్లీ పెద్ద టీచర్ల నియామకం 2025లో, 16,347 పోస్టులతో జరిగింది. ఏడేళ్లంటే ఒక బిడ్డ ఒకటో తరగతిలో చేరి ఏడు పూర్తి చేసేంత కాలం. పదవీ విరమణలు మాత్రం ఏ ఏడూ ఆగలేదు.

ప్రభుత్వాలు అసలేమీ చేయలేదని కూడా అనను. సర్కారు బళ్లను బాగుచేసే నాడు-నేడు పథకం 2019 నవంబరు 14న ఒంగోలులోనే మొదలైంది. గోడలకు రంగు, బల్లలు, మరుగుదొడ్లు, మంచినీళ్లు వచ్చాయి. ఆడపిల్లలకు ఆ మరుగుదొడ్డి ఎంత అవసరమో నాకు తెలుసు. కానీ 2022 జూన్‌లో అదే ప్రభుత్వం 117వ జీవో తెచ్చి 3, 4, 5 తరగతులను తీసుకెళ్లి హైస్కూళ్లలో కలిపింది. రంగులేసిన బడిలో ఒకటి, రెండు తరగతులు మిగిలాయి. ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటి కిలోమీటరు నడవాలంటే తల్లి భయపడుతుంది. అదే వేళకు ప్రైవేటు బస్సు గుమ్మం ముందుకు వస్తుంది. 2024లో వచ్చిన ప్రభుత్వం 2025లో ఆ జీవోను తీసేసింది. మంచిదే. కానీ ఆ మూడేళ్లలో బస్సెక్కిన పిల్లను వెనక్కు తెచ్చే జీవో ఏది?

పైగా ఆ బస్సుకు డీజిలు ప్రజల డబ్బే. నిన్న అమ్మఒడి, నేడు తల్లికి వందనం. ఏడాదికి 15,000 రూపాయల పథకం, సర్కారు బడి బిడ్డకూ ప్రైవేటు బడి బిడ్డకూ తేడా లేకుండా. తల్లి చేతికి డబ్బు అందితే నాకు ఆనందమే. అయితే ఆ డబ్బులో ఎంత వాటా ఖాతాలో పడ్డ వారంలోనే ప్రైవేటు యాజమాన్యాల ఫీజుగా మారిపోతోందో ఆ యాజమాన్యాలకే తెలుసు. ఖజానా డబ్బుతో సర్కారు బడిని ఖాళీ చేయించి, ఖాళీ అయింది కాబట్టి టీచర్లను తగ్గిస్తామనడం ఏ లెక్కలో న్యాయం? పార్టీలు మారాయి, పేర్లు మారాయి, ఈ ఒక్క సూత్రం మారలేదు.

మన ప్రాంతానికి ఈ విడిపోవడం కొత్త కాదు. 1860లలో ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ తన బడిలో మాదిగలను చేర్చుకున్నప్పుడు పైకులాల పిల్లలు ఆయన బడి మానేశారు. ఊరి కొళాయి, ఊరి గుడి, ఊరి హోటలు అన్నిచోట్లా అదే జరిగింది. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవ పెరిగి పెరిగి 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల ప్రాణాలు తీసింది. పక్కపక్క సీట్లలో కూర్చోవడాన్ని భరించలేని నేల ఇది. ఇక్కడ అన్ని కులాల పిల్లలూ పదేళ్ల పాటు ఒకే బెంచీ మీద కూర్చునే చోటు ఏదైనా ఉంటే అది సర్కారు బడే. ఇవాళ ఏ పల్లె బడికైనా వెళ్లి హాజరు పట్టీ చూడండి. చాలా చోట్ల ఎస్సీ, ఎస్టీ, అతిపేద బీసీ పిల్లలే మిగిలారు. క్లౌ కాలంలో బడి మానేసినవాళ్లు కాలినడకన వెళ్లిపోయారు, ఇప్పుడు బస్సులో వెళ్తున్నారు. ఈ ఊళ్ల మధ్యే, వినుకొండలో 1895లో పుట్టిన గుర్రం జాషువా బడిలో అంటరానితనం అనుభవించి, ఆ బడి నుంచే ఎదిగి, పంతులుగా పాఠాలు చెబుతూనే మహాకవి అయ్యాడు. ఆయన విగ్రహానికి దండ వేసే నాయకుల్లో ఎంతమంది బిడ్డలు దళిత బిడ్డల పక్కన కూర్చుని చదువుకుంటున్నారు?

పేదలకే వదిలేసిన బడి బాగుపడదు. అడిగే గొంతు ఉన్నవాళ్ల బిడ్డలు అందులో ఉండాలి. 1964-66 కొఠారి కమిషన్ అందరికీ ఒకే బడి కావాలంది, 1968 జాతీయ విద్యా విధానం సరేనంది, అంతటితో ఫైలు మూసేశారు. 2015 ఆగస్టులో అలహాబాద్ హైకోర్టు ప్రభుత్వ జీతం తీసుకునేవాళ్లు తమ పిల్లలను ప్రభుత్వ బళ్లలోనే చదివించేలా చూడమని ఉత్తరప్రదేశ్‌ను ఆదేశించింది. అక్కడ అది అమలు కాలేదు. ఇక్కడ మనం కనీసం అడగనైనా లేదు. నేను అడుగుతున్నాను. కలెక్టరు, ఎమ్మెల్యే, ఎంఈవో, ఆ బళ్లోనే పాఠం చెప్పే టీచరు, అందరి పిల్లలూ అక్కడే చదవాలి. తరగతికో టీచరు కావాలి. తల్లికిచ్చే డబ్బు తల్లికే ఇవ్వండి, దానికి సమానంగా సర్కారు బడికీ ఇవ్వండి.

అడిగితే వస్తుందని ఈ రైతులకు నేను చెప్పాల్సిన పని లేదు. 2025 ఫిబ్రవరిలో మిరప ధర పడిపోతే గుంటూరు యార్డు రగిలింది, నాయకులు పరుగెత్తుకొచ్చారు, కొద్ది రోజుల్లోనే కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ఆ ధర చాలలేదు, అది వేరే పోరాటం. కానీ కాయ కోసం ఢిల్లీని కదిలించినవాళ్లు బిడ్డల కోసం ఎంఈవో ఆఫీసును కదిలించలేరా?

ఈ సారి కోతకు ముఠా దిగిన రోజే మేస్త్రిని అడగండి, ఎంతమంది పిల్లలు వచ్చారని. పేర్లు రాసుకుని సర్పంచిని వెంటబెట్టుకుని బడికి వెళ్లండి. హెడ్మాస్టర్ టీసీ అడిగితే అయిదో సెక్షన్ చూపించండి. బల్లలు చాలవంటే, టీచర్లు లేరంటే ఆ మాటే కాగితం మీద రాయించుకుని మండలాఫీసు ముందు కూర్చోండి. మీ బిడ్డను కూడా ఆ బడిలోనే చేర్పించి కూర్చోండి.